పురపాలనమున వల్లభభాయి పటేలు

సర్దారు వల్లభభాయి పటేలు పేరు వినగానే ఐదువందలకు పైబడిన సంస్థానములు భారతదేశమున విలీనమైన ఘట్టము ఎల్లరకును స్ఫురించును. తెలుగువారికి 1948 సెప్టెంబరునాటి హైదరాబాదు విలీనము మరింత దగ్గరి జ్ఞాపకము. ఆ మహాకార్యమునకు మూడు దశాబ్దములకు ముందే ఆయన పరిపాలనావిద్యను అభ్యసించిన పాఠశాల యొకటి కలదు. అదియే అహమ్మదాబాదు మునిసిపాలిటీ. మురుగుకాలువలు, మంచినీటి గొట్టములు, వీధుల పారిశుద్ధ్యము, ఇంటిపన్ను, ప్రాథమిక పాఠశాలలు ఆ చదువులో పాఠములు. దేశమును ఒక్కటిగా కూర్చిన హస్తము మొదట ఒక ఊరిని చక్కదిద్ద నేర్చుకొన్నది.

వల్లభభాయి గుజరాతులోని నడియాదునందు మేనమామల యింట జన్మించెను. పాఠశాల రికార్డులలో ఆయన పుట్టినదినము 1875 అక్టోబరు 31గా నున్నది. తండ్రి ఝవేర్‌భాయి కరంసద్ గ్రామమున సామాన్య కర్షకుడు, తల్లి లాడ్‌బా. చదువు ఆలస్యముగా సాగి, 1897లో ఆయన మెట్రిక్యులేషను పరీక్ష నెగ్గెను. పిదప ప్లీడరు పరీక్షలో కృతార్థుడై గోధ్రా, బోర్సదులలో వకీలుగా పేరు గడించెను. సీమకు పోవుటకు ధనము కూడబెట్టి, ప్రయాణపు కాగితములు చేతికి వచ్చిన వెనుక, అన్నయగు విఠల్‌భాయి తాను ముందు పోవలెనని కోరెను. ఇరువురి పేర్లకును పొడియక్షరము లొకటియే యగుటచే ఆ కాగితములు అన్నకే ఉపకరించినవి. తమ్ముడు మారుమాటలేక తన యవకాశమును విడిచిపెట్టెను. 1909లో భార్య ఝవేర్‌బా మరణించెను. 1910లో ఆయన ఇంగ్లండునకు పోయి, మిడిల్ టెంపుల్‌లో బారిష్టరై, 1913లో తిరిగివచ్చి అహమ్మదాబాదున వకీలువృత్తి నారంభించెను. రాబడి దండిగా నుండెను. సాయంకాలము గుజరాతు క్లబ్బులో బ్రిడ్జి ఆట ఆయనకు కాలక్షేపము. ప్రజాసేవను గూర్చి మాటలాడువారిని చూచి ఆయన నవ్వుకొనెడివాడు.

అహమ్మదాబాదు 1411లో సుల్తాను అహమ్మదుషా నిర్మించిన నగరము. చుట్టును ప్రాకారము, లోపల ఇరుకు సందులు, పోల్ అని పిలువబడు పేటలలో ఒకదానికొకటి ఆనుకొనిన ఇండ్లు. 1861లో రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ తొలి నూలుమిల్లును స్థాపించిన తరువాత మిల్లుల సంఖ్య పెరిగెను. కూలీలు నలుదెసలనుండి వచ్చి చేరిరి. జనము పెరిగినంత వేగముగా నీరు, కాలువలు, వీధులు పెరుగలేదు. ఆ రణఛోడ్‌లాల్‌యే మునిసిపాలిటీ అధ్యక్షుడై నీటి పథకమును, భూగర్భ మురుగుకాలువలను ఆరంభించినపుడు ఊరివారిలో పెక్కురు ప్రతిఘటించిరి. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనకు బాటవేసినను, అధికారపు పగ్గములు తెల్లదొరల చేతులలోనే యుండెను. ప్రభుత్వము నియమించిన కమీషనరు పాలించుచుండ, ఎన్నికైన సభ్యులు సమావేశములకు వచ్చి తలయూచి పోవుచుండిరి.

1917లో మిత్రుల ప్రోద్బలముచే వల్లభభాయి మునిసిపాలిటీ సభ్యుడయ్యెను. నాటి కమీషనరు షిల్లిడీ అను ఐ.సి.ఎస్. అధికారి. సభ్యుల మాటను ఆయన లక్ష్యపెట్టుటలేదన్న అసంతృప్తి అదివరకే యుండెను. కాని ఎదురుపడి పలుకుట కెవ్వరును సాహసింపలేదు. వల్లభభాయి దస్తావేజులను తెప్పించుకొని, కోర్టులో దావా నడపునట్లు ఒక్కొక్క కాగితమును పరిశీలించి, అధికారి చేసిన తప్పిదములను సభలో ఆధారసహితముగా బయటపెట్టెను. ఆయనను తొలగింపవలెనని సభ తీర్మానింపగా ప్రభుత్వము ఆయనను బదిలీ చేయవలసివచ్చెను. కోపముతో కేకలు వేయుటకంటె ఫైలును చదివి వచ్చుట బలీయమైన ఆయుధమని నగరము ఆనాడు తెలిసికొనెను.

ఆ యేడే నగరమున ప్లేగు చెలరేగెను. పాఠశాలలు, న్యాయస్థానములు మూతపడెను. కలవారు ఊరు విడిచి వెడలిరి. కూలీలు పారిపోకుండునట్లు మిల్లు యజమానులు ప్లేగుభత్యము నిచ్చిరి. దాని నిలుపుదలయే 1918 నాటి మిల్లుసమ్మెకు కారణమయ్యెను. వల్లభభాయి అప్పుడు పారిశుద్ధ్య సంఘమునకు అధ్యక్షుడు. ఊరు విడువుడని హితులు చెప్పినను ఆయన వినలేదు. ప్రతిదినము పారిశుద్ధ్య సిబ్బందితో కలిసి వీధివీధి తిరిగి, కాలువలు తీయించి, మందు చల్లించెను. ప్రాణభయము గల పనిని సేవకులపై మోపి తాను దూరముగ నుండుట నాయకుని ధర్మము కాదని ఆయన నడవడియే చాటెను.

ప్లేగు తగ్గిన తరువాత కూడ నీటిసమస్య తీరలేదు. నగరమున కుళాయిలు సన్నగా పారుచుండగా సైనికుల దండుప్రాంతమునకు నీరు చవుకగా పోవుచుండెను. పౌరుడు చెల్లించు వెల దండు ఏల చెల్లింపరాదని వల్లభభాయి వాదించెను. పన్నులయందును ఆయనది ఇదే నీతి. పేదవాని యింటికి జప్తు నోటీసు పంపి, ధనికుని బాకీని మరచిపోవు పద్ధతిని ఆయన సహింపలేదు. పన్ను వేయుట జనులకు ప్రియము కాదు. కాని పన్ను వసూలు చేయజాలని పురపాలకసంఘము ప్రభుత్వపు దయపై బ్రతుకవలసివచ్చును. అట్టిదానికి స్వపరిపాలన యను పేరు చెల్లదు. ఈ సత్యమును ఆయన ఆనాడే గుర్తెరిగెను.

ఇంతలో గాంధీమహాత్ముని ప్రభావమున ఆయన జీవితము మారెను. 1918లో ఖేడా సత్యాగ్రహమున ఆయన రైతులవెంట నడిచెను. సహాయనిరాకరణము రాగా వకీలువృత్తిని, దొరల వేషమును విసర్జించెను. మునిసిపాలిటీ తన ప్రాథమిక పాఠశాలలకు ప్రభుత్వపు గ్రాంటును నిరాకరించి, ప్రభుత్వ తనిఖీని త్రోసిపుచ్చెను. ఆగ్రహించిన ప్రభుత్వము 1922 ఫిబ్రవరిలో ఎన్నికైన సంఘమును రెండేండ్లపాటు తొలగించి, తాను నియమించిన వారిచే పాలన సాగించెను. ప్రజలు చందాలు వేసికొని జాతీయ పాఠశాలలను నడిపిరి. పాఠశాలల కొరకు వెచ్చించిన సొమ్మును రాబట్టుటకై వల్లభభాయి మీదను, తోటి సభ్యుల మీదను ప్రభుత్వము దావా వేసెను గాని గెలువలేదు. అయినను, రెండేండ్లు నగరమునకు తన సభ లేకపోవుట చిన్న మూల్యము కాదు. ఆ మూల్యమెంతటిదో చూచినవాడగుటచే వల్లభభాయి తరువాతి ఎన్నికలను నిర్లక్ష్యము చేయలేదు.

1924 ఫిబ్రవరిలో ఆయన మునిసిపాలిటీ అధ్యక్షుడయ్యెను. ఆ దశకమున దేశనాయకులు పలువురు పట్టణసభల బాధ్యతను వహించిరి. కలకత్తాకు చిత్తరంజన్ దాసు మేయరు. అలహాబాదున జవాహర్‌లాల్ నెహ్రూ, పాట్నాలో రాజేంద్రప్రసాదు అధ్యక్షులు. అంతకు చాల పూర్వమే మన రాజమహేంద్రవరమున టంగుటూరి ప్రకాశము పంతులు మునిసిపల్ ఛైర్మనుగా నుండెను. వీరిలో పురపాలనమునందు ఎక్కువకాలము నిలిచి, లోతుగా మునిగినవారిలో వల్లభభాయి అగ్రగణ్యుడు. ఆయన అధ్యక్షతన నీటిసరఫరా, మురుగుకాలువలు విస్తరిల్లెను. ప్రాకారములోపల ఊపిరియాడని నగరమునకు గాలి, వెలుతురు కావలెనని ఆయన తలంచెను. సాబర్మతి ఆవలిగట్టున, ఎల్లిస్ వంతెనకు పడమట, నగరవిస్తరణ పథకమునకు ఆయన తోడుపడెను. నేలలు పోవునని యజమానులు మొరపెట్టినను, వీధి వెడల్పు చేయక తప్పనిచోట ఆయన వెనుదీయలేదు.

1927 జులైలో గుజరాతున ఎడతెగని కుండపోత వర్షములు కురిసెను. అహమ్మదాబాదున వేలకొలది ఇండ్లు కూలెను. ఒక అర్ధరాత్రి ఆయన వానలోనే ఇల్లు వెడలి, వీధుల స్థితిని స్వయముగా చూచి, మునిసిపల్ ఇంజనీరును నిద్రలేపి, నీటికి అడ్డుపడిన కట్టడమును తెగగొట్టించెనని ఆయన జీవితకారులు వ్రాసిరి. నగరము కుదుటపడక ముందే గ్రామములకు స్వచ్ఛందసేవకులను పంపెను. ఏ ప్రభుత్వముతో పోరాడెనో, ఆ ప్రభుత్వమునుండియే రైతులకు సహాయధనమును రాబట్టెను. ప్రజల ప్రాణములు ప్రమాదమున నున్నపుడు ఆయన మానాభిమానములను పాటింపలేదు.

1928 ఏప్రిలులో ఆయన అధ్యక్షపదవికి రాజీనామా ఇచ్చెను. సభలో కక్షలు పెరిగి, పని సాగని స్థితి వచ్చినపుడు కుర్చీని పట్టుకొని వ్రేలాడుట ఆయనకు సరిపడలేదు. అప్పటికే బార్డోలీ రైతుల శిస్తు నిరాకరణ సమరమునకు ఆయన నాయకుడు. ఆ విజయముతో జనులాయనను సర్దారు అని పిలిచిరి. గ్రామములవారీగా శిబిరములు, దినదిన సమాచారము, ప్రతిపనికి బాధ్యుడైన మనుష్యుడు — బార్డోలీలో లోకము మెచ్చిన ఈ ఏర్పాటును ఆయన అంతకుముందు ప్లేగువీధులలోను, వరదగ్రామములలోను సాధన చేసియుండెను. 1935లో బోర్సదు తాలూకాలో మరల ప్లేగు వచ్చినపుడు, దేశనాయకుడైనను ఆయన అచ్చటనే శిబిరము వేసి, సేవకులతో ఊళ్ళను శుభ్రపరచెను.

స్వాతంత్ర్యమునకు ముందు, 1947 ఏప్రిల్ 21న, ఢిల్లీలోని మెట్‌కాఫ్ భవనమున ఆయన నూతన పాలనోద్యోగులను ఉద్దేశించి ప్రసంగించెను. ఆ దినమే నేడు సివిల్ సర్వీసుల దినముగా జరుపబడుచున్నది. ఒకనాడు ఐ.సి.ఎస్. అధికారిని పదవినుండి తప్పించిన వాడే, పిదప అఖిలభారత సర్వీసులకు రాజ్యాంగరక్షణ కల్పించెను. ఇందు వైరుధ్యము లేదు. అధికారి నిర్భయముగ సలహా ఈయవలెను, ఎన్నికైన సభ నిర్ణయింపవలెను, ఇరువురును ప్రజలకు జవాబు చెప్పవలెను అన్నది అహమ్మదాబాదు నేర్పిన పాఠము. 1950 జులైలో ఆ మునిసిపాలిటీ కార్పొరేషను హోదా పొందెను. ఆ సంవత్సరమే డిసెంబరు 15న సర్దారు బొంబాయిలో కన్నుమూసెను.

1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన డెబ్బదినాలుగవ రాజ్యాంగసవరణ పురపాలకసంఘములకు ఐదేండ్ల గడువును, రద్దుచేసినచో ఆరునెలలలోపల ఎన్నికను విధించినది. పండ్రెండవ షెడ్యూలులో పట్టణప్రణాళిక, నీరు, పారిశుద్ధ్యము మొదలగు 18 విషయములు చేర్చబడినవి. 1922లో అహమ్మదాబాదు అనుభవించిన దుర్గతి మరల రాకూడదన్నదే ఇట్టి ఏర్పాటునకు భావము. అయినను చెన్నపట్టణము వంటి మహానగరమే 2016 నుండి 2022 వరకు ఎన్నికైన సభ లేక గడపినది. చట్టము తలుపు తెరచును గాని, లోనికి ప్రవేశించి పని చేయవలసినది మనుష్యులే. వాననీరు పోవు త్రోవలను ఆక్రమణలనుండి కాపాడుట, చెత్తను తొలగించుట, పన్నును పక్షపాతము లేక వసూలు చేయుట నేటి పురనాయకునికిని నాటి భారములే. ఈ పనులకు జయజయధ్వానములు ఉండవు. చక్కగా పారు కాలువను ఎవ్వరును గమనింపరు. పూడినపుడే దాని పేరు తలచుకొందురు. అట్టి గుర్తింపులేని పనిలో పదునొకండేండ్ల కాలమున వల్లభభాయి చూపిన శ్రద్ధయే, తరువాత దేశము ఆయనయందుంచిన విశ్వాసమునకు పునాది యయ్యెను.