సి. కె. నాయుడుగారు

ఆటగాని గొప్పతనమును అతడు చేసిన పరుగుల సంఖ్యనుబట్టియే నిర్ణయింపదగునా? ఆ పరుగులు ఎవరిపై చేసెనో విచారింపవలదా? ఈ ప్రశ్నకు కొఠారి కనకయ్య నాయుడుగారి జీవితమే చక్కని సమాధానము.

నాయుడుగారు 1895 వ సంవత్సరము అక్టోబరు 31 వ తేదీన నాగపూరునందు ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. అచ్చటి హిస్లాప్ పాఠశాలలో చదువుచు చిన్ననాటనే క్రికెట్టు ఆటలో ఆరితేరిరి. 1916 లో బొంబాయి పోటీలలో హిందూ జట్టు పక్షమున ఐరోపీయులపై ఆడి, సిక్సరుతోనే పరుగులు ప్రారంభించిరి.

ఆ కాలమున భారతదేశము టెస్టు పోటీలు ఆడుచుండలేదు. మనవారు తమలో తాము ఎన్ని పోటీలు గెలిచినను, వారి బలమెంతయో లోకమునకు తెలియు మార్గము లేకుండెను. 1926 లో గిల్లిగన్ నాయకత్వమున ఎం. సి. సి. జట్టు మన దేశమునకు వచ్చెను. మారిస్ టేట్, జార్జి గియరీ వంటి ప్రసిద్ధ బౌలర్లు అందుండిరి. డిసెంబరు 1 వ తేదీన బొంబాయి జింఖానా మైదానమున నాయుడుగారు రెండు గంటలలోపలనే 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లే 11. బలహీనులపై చేసిన పరుగులైనచో నాలుగు దినములలో మరపున పడియుండెడివి. బలవంతులపై చేసినవగుటచే దేశముయొక్క యోగ్యతయే వెల్లడియయ్యెను. భారతీయులు టెస్టులకు తగుదురని గిల్లిగన్ విశ్వసించి, దేశమంతటికి ఒక సంఘము నేర్పరచుకొనుమని ప్రోత్సహించెను. 1928 లో క్రికెట్టు బోర్డు స్థాపితమయ్యెను.

1932 జూన్ 25 న లార్డ్సు మైదానమున మన తొలి టెస్టు ప్రారంభమయ్యెను. నాయుడుగారే నాయకులు. మనవారి ధాటికి ఇంగ్లండు 19 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయెను. చేతికి గాయమైనను నాయుడుగారు తొలి యిన్నింగ్సులో 40 పరుగులు చేసి మన జట్టులో ప్రథములైరి. మనము 158 పరుగుల తేడాతో ఓడితిమి. అయినను ఆ ఓటమి మనకు తలవంపు కాలేదు. 1936 లో ఓవల్ మైదానమున వేగముగా వచ్చిన బంతి శరీరమునకు తగిలినను వెనుదీయక 81 పరుగులు చేసిరి.

నాయుడుగారు మొత్తము 7 టెస్టులలో 350 పరుగులు చేసిరి. సగటు 25 మాత్రమే. ఇది సామాన్యముగా తోచవచ్చును. కాని ఆ ఏడును ఇంగ్లండుపై ఆడినవే! అమెరికాలో 1981 మొదలు పెక్కేండ్లు కళాశాలల బాస్కెట్‌బాల్ జట్ల యోగ్యతను లెక్కించుటకు ఒక పద్ధతి వాడిరి. అందు జట్టుయొక్క స్వంత జయములకు నాలుగవ వంతు విలువయే కలదు. సగము ప్రత్యర్థుల జయములకును, మిగిలినది ఆ ప్రత్యర్థులతో ఆడినవారి జయములకును చెందును. అట్టి తూనికలో తూచినచో నాయుడుగారి 25 బరువైనదే.

వారు హోల్కారు జట్టునకు చిరకాలము సేవచేసి, ఆంధ్ర జట్టు పక్షమునను ఆడిరి. 1956 లో పద్మభూషణ బిరుదము పొందిరి. 1967 నవంబరు 14 న ఇందూరునందు పరమపదించిరి.

విద్యార్థులారా! మన పెదకాకానిలో చిన్నపిల్లలను పదిమారులు ఓడించుట సులభము. గుంటూరునుండి వచ్చు బలమైన జట్టు నెదిరించి స్వల్ప తేడాతో ఓడిననాడు సిగ్గుపడకుడు. మీ బలము మీకు తెలియునది ఆ దినముననే.