సింగపూర్ బిషప్ విల్సన్: చెరసాలలో నిలిచిన విశ్వాసం

సింగపూర్‌లో ఉండే మన తెలుగువాళ్లలో ధోబీ ఘాట్ స్టేషన్ తెలియనివారుండరు. ఒకప్పుడు మన దేశం నుంచి వచ్చిన ధోబీలు అక్కడి వాగులో బట్టలు ఉతికేవారట, అందుకే ఆ పేరు. స్టేషన్ పక్కనే ఆర్చర్డ్ రోడ్‌లో వైఎంసీఏ ఉంది. ఇప్పటి భవనం కొత్తది. పాత భవనంలో జపాన్ సైనిక పోలీసులు, అంటే కెంపెయితాయ్, తమ కార్యాలయం పెట్టుకున్నారు. బిషప్ జాన్ లెనార్డ్ విల్సన్‌ను హింసించింది అక్కడే.

ఆయన 1897లో ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో పుట్టారు. హాంకాంగ్‌లో డీన్‌గా పనిచేసి, 1941లో సింగపూర్ బిషప్ అయ్యారు. ఆయన చర్చి సిటీ హాల్ దగ్గరున్న సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్. దాన్ని కట్టింది భారతదేశం నుంచి శిక్ష మీద పంపిన ఖైదీలు. గోడలకు మద్రాసు సున్నం పూశారు: గవ్వల సున్నం, కోడిగుడ్డు తెల్లసొన, పంచదార, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్లు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సున్నం రాయిలా గట్టిపడుతుందని కెమిస్ట్రీలో చదువుకున్నాను. ఆ గోడ చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైంది. ఊరి పేరును స్యోనాన్‌గా మార్చారు, గడియారాలనూ టోక్యో సమయానికి తిప్పారు. ఒగావా అనే జపాన్ అధికారి క్రైస్తవుడు కావడంతో, ఆయన సాయంతో విల్సన్ ఏడాదికి పైగా బయటే ఉండి సేవ చేయగలిగారు. 1943 మార్చిలో ఆయన్నీ చాంగీ జైలుకు తరలించారు.

ఆ సెప్టెంబరులో ఆస్ట్రేలియా నుంచి ‘క్రెయిట్’ అనే చిన్న పడవలో వచ్చిన కమాండోలు చీకట్లో చిన్న దోనెల మీద హార్బర్‌లోకి జొరబడి, ఓడలకు బాంబులు అంటించి వెళ్లిపోయారు. క్రెయిట్ అంటే మన కట్లపాము. చాంగీ ఖైదీలే సమాచారం పంపి ఉంటారని కెంపెయితాయ్ అనుమానించింది. వాళ్లకు నిజానికి ఏమీ తెలియదు. అక్టోబరు 10న సోదాలు మొదలయ్యాయి. మొత్తం 57 మందిని పట్టుకుపోతే 15 మంది చనిపోయారు. వారం తర్వాత విల్సన్ వంతు వచ్చింది.

కిక్కిరిసిన గది, రాత్రంతా లైటు, మూలన మరుగుదొడ్డి. తాగడానికీ కడుక్కోవడానికీ దాని నీళ్లే. రోజుల తరబడి తాళ్లతో కొట్టారు. దేవుణ్ణి నమ్ముతావా అని అడిగితే నమ్ముతానన్నారు. మరి నిన్నెందుకు కాపాడడు అని అడిగితే, కాపాడుతూనే ఉన్నాడని, బాధ తప్పించి కాదు, దాన్ని భరించే శక్తినిచ్చి కాపాడుతున్నాడని చెప్పారు. కొడుతున్నవాళ్ల ముఖాల్లో, చిన్నప్పుడు అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో ఆడుకున్న పిల్లల్ని చూడటానికి ప్రయత్నించానని తర్వాత చెప్పుకున్నారు.

ఇక్కడ నా మనసు ఆగుతుంది. ఆ 15 మందికి ఆ జవాబు సరిపోతుందా? వాళ్లలో కలోనియల్ సెక్రటరీ హ్యూ ఫ్రేజర్ కూడా ఉన్నారు. రాజ్యాలన్నిటి మీదా దేవుడు ఉన్నాడని చర్చిలో కూర్చుని అనడం తేలికే. విల్సన్ ఆ మాట అన్న చోట, అధికారమంతా కర్ర పట్టుకున్నవాడి చేతిలోనే కనిపించింది. పైగా తాను బయటపడతానన్న హామీ ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. అందుకే ఆయన జవాబును కొట్టిపారేయలేను.

అదే భవనంలో ఎలిజబెత్ చోయ్ అనే టీచరమ్మ కూడా సుమారు 200 రోజులు నరకం చూశారు. చాంగీ ఖైదీలకు డబ్బు, సందేశాలు చేరవేయడమే ఆమె చేసిన నేరం. యుద్ధం అయ్యాక, ఎవరికి మరణశిక్ష వేయాలో పేర్లు చెప్పమంటే ఆమె చెప్పలేదు.

ఎనిమిది నెలల తర్వాత, 1944లో విల్సన్ తిరిగి చాంగీ చేరారు. 1946 విచారణలో 21 మందిని బోనెక్కించి ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. ఆ తర్వాత, తనను హింసించినవారిలో ఒకరు క్రైస్తవుడిగా మారితే, ఆయన తల మీద చేతులుంచి కన్ఫర్మేషన్ ఇచ్చింది విల్సనే.

1949లో ఆయన ఇంగ్లండ్ వెళ్లిపోయారు. 1953 నుంచి 1969 దాకా బర్మింగ్‌హామ్ బిషప్‌గా ఉండి, 1970లో కన్నుమూశారు. పాత వైఎంసీఏను 1981లో కూల్చేశారు. అక్కడ గుర్తుగా ఒక ఫలకం ఉంది. సెయింట్ ఆండ్రూస్ నుంచి ఎంఆర్‌టీలో ఒక్క స్టేషన్ దూరం, పిల్లల్ని తీసుకెళ్లండి.