రాయచూరు కోటగోడపై గోన గన్నారెడ్డి

గోన గన్నారెడ్డి పేరు వినగానే తెలుగు పాఠకునికి అడివి బాపిరాజు నవల స్ఫురిస్తుంది. గజదొంగగా తిరుగుతూ లోలోపల కాకతి సింహాసనాన్ని కాపాడిన ఆ సాహసి రూపం 2015లో వెండితెరకు కూడా ఎక్కింది. అది కవి కల్పన. చరిత్రలోని గన్నారెడ్డి అంతకంటె తక్కువవాడు కాడు. అయితే ఆయనను వెదకవలసిన చోటు వేరు. అది రాయచూరు కోటగోడ.

గోనవారు కాకతీయుల సామంతులు. పాలమూరు సీమలోని వర్ధమానపురం వారి ఏలుబడిలోని ముఖ్యనగరం. నేడది నాగర్‌కర్నూలు జిల్లాలో నందివడ్డెమాను అనే గ్రామం. ఖడ్గంతోపాటు గంటాన్నీ ఆదరించిన వంశమది. రంగనాథ రామాయణ కర్తగా ప్రసిద్ధికెక్కిన గోన బుద్ధారెడ్డి ఈ ఇంటివాడే. తొలి తెలుగు కవయిత్రులలో ఒకతెగా పేరొందిన కుప్పాంబిక ఈ ఇంటి ఆడపడుచే.

1289లో రాణి రుద్రమదేవి మరణించింది. ఆ సంగతి మనకు తెలిపినది నల్లగొండ జిల్లాలోని చందుపట్ల శాసనం. రాణికి పుణ్యంగా భూదానం చేసి ఆ శాసనం వేయించినవాడు మహారాజు కాడు, మండలేశ్వరుడు కాడు. పువ్వుల ముమ్మడి అనే బంటు. ఒక సామాన్య భటుని కృతజ్ఞత వల్ల చరిత్రలో ఒక పెద్ద ముడి వీడింది.

తరువాత ప్రతాపరుద్రుడు పట్టాభిషిక్తుడైనాడు. కృష్ణా తుంగభద్రల నడిమి సీమకోసం ఓరుగల్లుకూ దేవగిరికీ పోరు సాగుతున్న రోజులవి. గన్నారెడ్డి పక్షాన ఆయన మంత్రి విఠలనాథుడు సేనతో నడిచి ఆదవాని, తుంబళం, మానువ మొదలైన దుర్గాలను గెలిచి రాయచూరులో ప్రవేశించాడు. గెలిచిన ఊరిని కొల్లగొట్టి వెనుదిరగలేదు. సకల జనరక్షణార్థం అక్కడ 1294లో రాతికోట నిర్మింపజేశాడు. సున్నం లేకుండా రాతికి రాయి అతికిన ఆ లోపలి గోడ నేటికీ నిలిచి ఉన్నది.

ఈ సంగతులన్నీ చెక్కిన శిల పొడవు సుమారు 41 అడుగులు. అంతటి ఏకశిలను కోటదాకా చేర్చడం యుద్ధానికి తీసిపోని కార్యం. దారి చదునుగా ఉండాలి. గాడి తప్పితే బండి విరుగుతుంది. వాలులో పట్టు తప్పితే మనుషుల ప్రాణాలే పోతాయి. ఆ శ్రమను కూడా ఎవరో మరువలేదు. శాసనానికి సమీపంలోనే ఆ ప్రయాణాన్ని బొమ్మగా గీసి చెక్కారు. బండిపై పొడవాటి శిల, ముందు బారులు తీరిన పశువులు, వాటిని అదలించే తోలరులు, వెనుక దుంగలతో చక్రాలను ఎగదోసే కూలీలు!

1323లో ఓరుగల్లు పడిపోయింది. రాయచూరు బహమనీల చేతికి, బిజాపురం చేతికి చిక్కింది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు దానికోసమే ఘోరసంగ్రామం చేశాడు. ఏలినవారు మారారు గాని శిల కదలలేదు.

ఆ శిలమీద గన్నారెడ్డి పేరున్నది, విఠలనాథుని పేరున్నది. బాటమీద శిలను లాగినవారి పేర్లు మాత్రం లేవు. వారి వంగిన నడుములు మాత్రమే ఉన్నవి. గన్నారెడ్డి చరిత్ర బోధించే ఉపాధ్యాయుడు విద్యార్థికి ఆ అక్షరాలతోపాటు ఆ బొమ్మను కూడా చూపించాలి. అప్పుడే ఆ పాఠం పూర్తి అవుతుంది.