గళగండానికి ఉప్పుతో కళ్లెం వేసిన తెలుగు వైద్యుడు

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండేది థైరాయిడ్ గ్రంథి. ఆహారంలో అయొడిన్ చాలకపోతే అది ఉబ్బి గళగండమవుతుంది. గడ్డ బాగా పెరిగి శ్వాసనాళాన్ని నొక్కితే ఆపరేషన్ తప్పదు. స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోహర్ ఈ ఆపరేషన్లలో ప్రాణభయాన్ని ఎంతో తగ్గించి, 1909లో నోబెల్ బహుమతి పొందారు. గ్రంథిని పూర్తిగా తీసేస్తే మనిషి మందకొడిగా మారిపోతాడని 1883లో హెచ్చరించినదీ ఆయనే. దాని వెనుకనుండే చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే రక్తంలో కాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోతాయి. ఇంత చిక్కైన ఆపరేషన్ అవసరమే రాకుండా చూడాలని పాటుపడినవారు మన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి.

ఆయన 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో జన్మించారు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1944లో ఎం.బి.బి.ఎస్., ఆ తర్వాత ఎం.డి., 1951లో ఆక్స్‌ఫర్డ్‌లో డి.ఫిల్. పట్టాలు పొందారు. ఆయన సర్జన్ కారు, పెథాలజిస్టు. పోషకాహార లోపాల వల్ల వచ్చే జబ్బులే ఆయన పరిశోధనా రంగం.

హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో గళగండం ఇంటింటా కనిపించేది. 1956లో అక్కడ ఆయన, సహచరులు పని మొదలుపెట్టారు. లోయను మూడు ప్రాంతాలుగా విభజించి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. కొన్నేళ్లకు అయొడిన్ అందిన రెండు చోట్లా జబ్బు బాగా తగ్గింది. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. ఆపైన అక్కడా అయొడిన్ ఉప్పే ఇవ్వగా తగ్గుముఖం పట్టింది. 1962లో ప్రభుత్వం చేపట్టిన జాతీయ గళగండ నివారణ కార్యక్రమానికి ఈ పరిశోధన అండగా నిలిచింది.

1969 నుంచి పదేళ్లు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, తర్వాత 1986 వరకు భారత వైద్య పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. 1986లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. 2001 మే 28న కన్నుమూశారు.

వినగడప వంటి పల్లెలో ఉన్నా, పట్నంలో పిల్లల దగ్గర ఉన్నా మనం గమనించవలసినది ఒకటుంది. బి.పి. ఉన్నవారు ఉప్పు తగ్గించవలసిందే. కాని వాడే ఆ కాస్తా అయొడిన్ ఉప్పే కావాలి, డబ్బాకు మూత ఉండాలి. గర్భిణికి అయొడిన్ చాలకపోతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మెడలో గడ్డ కనిపిస్తే మాత్రం ఉప్పుతో పోతుందిలే అనుకోక వెంటనే డాక్టరుకు చూపించండి.