ఎల్‌స్టో గంటలు: జాన్ బన్యన్ జీవితము

ధ్యాన భాగములు: జెకర్యా 14:20; లూకా 14:33



మన పల్లెలలో దేవాలయపు గంటను ఒక్క మనిషి ఒక్క త్రాటితో మ్రోగించును. ఇంగ్లండు దేశములో ఈ పని వేరు విధముగా జరుగును. అక్కడి పాత గోపురములలో అయిదారు మొదలు పన్నెండు వరకు పెద్ద గంటలు చక్రములకు కట్టబడి యుండును. గంటకొక మనిషి చొప్పున మోకు పట్టుకొని, ఎవరి వంతున వారు లాగుచు, మాటిమాటికి వరుసను మార్చుచు వాటిని మ్రోగింతురు. ఈ వరుసలను చలిలో గోపురమెక్కకుండ ఇంటి పొయ్యిచెంత అభ్యసించుటకు చిన్న చేతిగంటలను వాడుకొనిరి. ఆ చేతిగంటలే తరువాత అనేక దేశముల సంఘములలో ఆరాధన వాద్యములైనవి. 1902లో అమెరికా నుండి లండనుకు వచ్చి పెద్ద గంటలను మ్రోగించిన మార్గరెట్ నికల్స్ అను యువతి, ఒక జట్టు చేతిగంటలతో స్వదేశమునకు మరలెను. 1954లో అమెరికాలో చేతిగంటల వారి సమాజము స్థాపింపబడినప్పుడు ఆమెయే అందుకు మూలము. నేటికిని చేతిగంటల బృందములు తమ వాద్యము పుట్టిన చోటును చూడగోరి గుంపులుగా ఇంగ్లండునకు ప్రయాణము చేయుచుందురు.

అట్టివారు చూడదగిన గోపురమొకటి బెడ్‌ఫర్డు పట్టణము చెంత ఎల్‌స్టో గ్రామములో నున్నది. అది దేవాలయమునకు అంటుకొనక విడిగా నిలిచియున్నది. అక్కడ మోకు పట్టి గంట లాగినవారిలో ఒకడు జాన్ బన్యన్. మన భాషలో యాత్రికుని ప్రయాణముగా మనము చదువుకొను గ్రంథమును వ్రాసినవాడు ఈయనే.

జాన్ 1628లో ఆ గ్రామ సంఘపు హద్దులలో జన్మించెను. తండ్రి పాత్రలకు మాట్లు వేసి బ్రదుకు బీదవాడు. కుమారుడును ఆ పనియే నేర్చుకొని, పనిముట్లు మోసికొని ఊరూరు తిరిగెను. చదువు కొద్దిపాటిదే. 1644లో తల్లి మరణించెను. మరుసటి నెలలోనే చెల్లెలును పోయెను. ఇంకొక నెలకు తండ్రి మారు వివాహము చేసికొనెను. ఆ సంవత్సరమే జాన్ పార్లమెంటు పక్షపు సైన్యములో చేరి 1647 వరకు ఉండెను. తిరిగివచ్చి వివాహమాడినప్పుడు ఆ యింట పళ్లెమైనను గరిటెయైనను లేకుండెను. భార్య పుట్టినింటినుండి తెచ్చినవి రెండు భక్తి పుస్తకములు మాత్రమే. వారి మొదటి బిడ్డ మేరీ పుట్టు గ్రుడ్డిది.

ఈ బీదతనములో జాన్‌కు గొప్ప సంతోషము గంటలు మ్రోగించుట. అయితే మనస్సాక్షి మేల్కొనిన కొలది, ఇది వ్యర్థమైన కాలక్షేపమని అతనికి తోచి మానుకొనెను. మానినను మనసు మానలేదు. ఇతరులు లాగుచుండగా చూచుటకు వెళ్లెడివాడు. గంట తెగి మీద పడునేమో అను భయము కలిగి పెద్ద దూలము క్రింద నిలువబడెను. పడిన గంట గోడకు తగిలి తనమీదికి ఎగురునేమో యని తలంచి వాకిటిలోనికి జరిగెను. చివరకు గోపురమే కూలునని వణకి పారిపోయెను. 1666లో చెరసాలనుండి ప్రచురించిన తన ఆత్మకథలో ఈ సంగతిని దాచక చెప్పెను.

ఇచ్చట మనము నిలిచి ఆలోచింపవలెను. గంట మానినందున అతనికి సమాధానము రాలేదు. నాట్యము మానెను, ఒట్టు పెట్టుకొనుట మానెను, ఇరుగుపొరుగువారు మెచ్చుకొనిరి, లోపల భయము అట్లే యుండెను. ఒకనాడు పనిమీద బెడ్‌ఫర్డు వెళ్లగా, ముగ్గురు నలుగురు బీద స్త్రీలు ఎండపొడలో వాకిట కూర్చుండి, దేవుడు తమ హృదయములలో చేసిన క్రొత్త జన్మమును గూర్చి మాటలాడుకొనుచుండిరి. భక్తి విషయములలో తాను చక్కగా మాటలాడుదునని తలంచిన జాన్‌కు వారి మాటలు అర్థము కాలేదు. వారికున్నది తనకు లేదని గ్రహించెను. వారి సంఘ కాపరియైన జాన్ గిఫర్డు చెంత నేర్చుకొని, చాల పోరాటము తరువాత, తన నీతి క్రీస్తే యని తెలిసికొని నెమ్మది పొందెను.

అటుపిమ్మట బోధింప మొదలుపెట్టెను. మొదటి భార్య మరణించగా 1659లో ఎలిజబెతును వివాహమాడెను. 1660 నవంబరు 12న, అనుమతి లేకుండ బోధించు నేరమునకు పట్టుబడెను. ఇకమీదట బోధింపనని ఒక్క మాట యిచ్చినయెడల ఇంటికి వెళ్లవచ్చును. ఇంట నలుగురు పిల్లలు. అందులో మేరీకి చూపు లేదు. ఆ బిడ్డ చలికి, ఆకలికి లోనగునని తలంచినప్పుడు అతని గుండె పగిలెను. అయినను మాట ఇయ్యలేదు. ఎలిజబెతు న్యాయాధిపతుల యెదుట నిలిచి భర్త విడుదలకై ధైర్యముగా వేడుకొనెను, ఫలితము లేకపోయెను. జాన్ జోళ్ల దారములకు లోహపు మొనలు తొడిగి అమ్మించి కుటుంబమును పోషించెను. 1672లో గాని విడుదల కలుగలేదు.

1678లో యాత్రికుని ప్రయాణము వెలువడెను. ఆ గ్రంథపు చివరి పుటలను మరల తీసి చూడుడి. క్రైస్తవుడును అతని సహచరుడును మరణ నదిని దాటి గుమ్మమున ప్రవేశించునప్పుడు, పరలోక పట్టణమందలి గంటలన్నియు సంతోషముతో మ్రోగును. పడుచుతనములో భయపడి మోకు విడిచినవాడు, తన యాత్రికులకు ఆ ధ్వనితోనే స్వాగతము పలికించెను. దోషము గంటలో లేదని ఆయనకు తెలిసియుండవలెనని మేము తలంచుచున్నాము. దేవుని కంటె దేనిని మిన్నగా పట్టుకొందుమో అదియే మనకు ఉరి యగును. ఆయనకు అప్పగించినది ఆయన చేతిలో పరిశుద్ధమగును.

1688లో ఒక తండ్రికిని అలిగిన కుమారునికిని సమాధానము కుదిర్చి, వానలో తడియుచు గుఱ్ఱముమీద లండనుకు వచ్చి, జ్వరముపడి ఆగస్టు 31న బన్యన్ ప్రభువునందు నిద్రించెను. బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానములో ఆయన సమాధి యున్నది.

ప్రియులారా, మన సంఘములలో ఒక సహోదరుడు మనస్సాక్షి నిమిత్తము ఏదైన విడిచినయెడల అతనిని నవ్వకుడి. మనమే ఏదైన విడిచితిమని అతిశయించి, దానినే రక్షణ యనుకొనవద్దు. ఈ ఆదివారము గంట మ్రోగినప్పుడు, మన చేతులలో ఇంకను బిగించియున్న త్రాడు ఏదియో ప్రభువు సన్నిధిని పరీక్షించుకొందము.