ఆటనే బతుకు చేసుకున్న హంపి గారికి

హంపి గారూ,

2001లో ఏథెన్స్‌లో మీరు ప్రపంచ జూనియర్ బాలికల చదరంగం కిరీటం గెలిచి పాతికేళ్లవుతోంది. అప్పటికి మీకు పద్నాలుగేళ్లు. ఈ రజతోత్సవ వేళ కొల్లేటి సరస్సు చుట్టుపక్కల ఊళ్లవాళ్లం గుడివాడ ఆడపడుచుకు మనసారా అభినందనలు చెప్పుకుంటున్నాం. గుడివాడలో రైలెక్కితే మండవల్లి, కైకలూరు, ఆకివీడు. కొల్లేటికి ఆ ఒడ్డున ఏలూరు, అది దాటి ముందుకెళ్తే తాడేపల్లిగూడెం. జిల్లాల హద్దులు ఎన్నిసార్లు మారినా ఈ ఊళ్ల మధ్య రాకపోకలు, వియ్యాలు మారలేదు. అందుకే మిమ్మల్ని మా అమ్మాయని ధైర్యంగా చెప్పుకుంటాం.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మా ప్రాంతంలో ఎవరైనా ఆటల మీద బతుకుతున్నాడంటే అది మెచ్చుకోలు కాదు. సంక్రాంతి మూడు రోజులూ బరుల దగ్గర కోడిపందేలు, ఆ పక్కనే గుండాట, పేకాట. పేకముక్కల మీద పొలం పోగొట్టుకున్నవాళ్ల కథ ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉంటుంది. రమ్మీలో అదృష్టం కంటే నేర్పు పాలే ఎక్కువని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది. అదీ మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. మూడు ముక్కలాట మాత్రం వట్టి అదృష్టమేనని తేల్చింది. కోర్టు అంత వివరంగా వేరు చేసి చెప్పినా, ఆట అనేసరికి ఇళ్లలో పెద్దవాళ్ల మొహాలు చిన్నబోవడం మానలేదు. అలాంటి నేల మీద ఒక ఆడపిల్ల ఆటనే వృత్తిగా ఎంచుకుని, దానితోనే ఇంటికీ ఊరికీ గౌరవం తెచ్చింది. పతకాల లెక్క కంటే మాకు ముందు కనబడేది ఇదే.

దీని వెనక మీ నాన్నగారు అశోక్ గారి పట్టుదల ఉంది. ఆయన ఆడుకుంటున్న బోర్డు వైపు చూసి, ఇంకా బడి ఈడు పిల్ల ఒక ఎత్తు చెప్పింది. ఆ ఎత్తు విలువ ఆయనకు తెలిసింది. కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి కూతురికి గురువుగా కూర్చున్నారు. నెల తిరిగేసరికి వచ్చే జీతం వదులుకోవడం మధ్యతరగతి ఇంటికి ఎంత బరువో మాకు తెలుసు. దాని ఫలం త్వరగానే కనబడింది. 1997లో పదేళ్లలోపు, 1998లో పన్నెండేళ్లలోపు, 2000లో పద్నాలుగేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిళ్లు మీవే. మధ్యలో 1999లో అహ్మదాబాద్‌లో ఆసియా పన్నెండేళ్లలోపు పోటీలో మగపిల్లలతో కలిసి ఆడి, వాళ్లందరినీ దాటి గెలిచారు.

2002లో బుడాపెస్ట్‌లో, ఆ బిరుదుకు అర్హతగా కావలసిన మూడో నార్మ్ పూర్తిచేసి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. మహిళలకు విడిగా ఇచ్చే బిరుదు కాదది. ఆడా మగా తేడా లేకుండా అందరికీ ఒకటే కొలత ఉన్న బిరుదు. పదిహేనేళ్ల ఒక నెల ఇరవై ఏడు రోజుల వయసులో దాన్ని అందుకుని హంగేరీ క్రీడాకారిణి జూడిత్ పోల్గార్ రికార్డును మూడు నెలల తేడాతో దాటారు. 2008లో చైనా అమ్మాయి హౌ యిఫాన్ వచ్చేదాకా ఆ రికార్డు మీ పేరునే ఉంది. భారతదేశంలో ఆ బిరుదు అందుకున్న తొలి మహిళ మీరే. ఆ తర్వాత గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక, చెన్నై నుంచి వైశాలి, నాగపూర్ నుంచి దివ్యా దేశ్‌ముఖ్ అదే దారిన నడిచారు.

అర్జున, పద్మశ్రీ, దోహా ఆసియా క్రీడల బంగారు పతకాలు, 2600 దాటిన రేటింగ్, ఇవన్నీ అందరికీ తెలిసినవే. 2011లో తిరానాలో హౌ యిఫాన్‌తో ప్రపంచ కిరీటం కోసం ఆడి ఓడిపోయారు. ఆ రోజుల్లో మా ఊళ్లలో చాలామంది మనసు కష్టపెట్టుకున్నారు.

మేం ఎక్కువగా తలుచుకునేది మీరు తల్లయ్యాక వచ్చిన హంపిని. 2017లో పాప పుట్టింది. పోటీలకు దూరమయ్యారు. మన ఇళ్లలో ఆడపిల్ల చదువుకీ ఉద్యోగానికీ చాలాసార్లు అక్కడే చుక్క పడుతుంది. మీరు 2018లో బటూమి ఒలింపియాడ్‌తో మళ్లీ బోర్డు ముందు కూర్చున్నారు. 2019 డిసెంబరు చివర మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ పోటీ. పన్నెండు రౌండ్లకు తొమ్మిది పాయింట్లతో ముగ్గురు సమానంగా నిలిచారు. కిరీటం తేల్చడానికి చైనాకు చెందిన లీ టింగ్‌జీతో బ్లిట్జ్, అంటే చాలా తక్కువ సమయంలో ముగించాల్సిన ఆటలు పెట్టారు. మొదటిది ఓడిపోయారు. ఇంకొక్కటి పోతే ఇంటిదారే. రెండోది గెలిచారు. ఇక ఆఖరిది ఆర్మగెడాన్. అందులో నల్లపావులవారికి గడియారంలో సమయం తక్కువ ఇస్తారు, బదులుగా డ్రా అయినా వాళ్లదే గెలుపు. మీవి నల్లపావులు. తొందరపడకుండా, ఆశపడి ముందుకు దూకకుండా, కావలసిన ఆ డ్రాను చేసుకుని ప్రపంచ విజేత అయ్యారు. పేకాటలో ఎప్పుడు లేవాలో తెలిసినవాడే ఆటగాడంటారు మా పెద్దలు. ఎంత చాలో తెలిసిన ఆ నిగ్రహం మీ చేతిలో చూశాం.

అయిదేళ్ల తర్వాత, 2024లో న్యూయార్క్‌లో, అదే ర్యాపిడ్ పోటీలో తొలి రౌండులోనే ఓటమి. అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కి, ఆఖరి రౌండులో నల్లపావులతోనే ఇండోనేసియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్‌ను ఓడించి, పదకొండుకు ఎనిమిదిన్నర పాయింట్లతో రెండోసారి ఆ కిరీటం తెచ్చారు. అప్పటికి మీకు ముప్ఫై ఏడేళ్లు. మరుసటి ఏడాది జులైలో, మీరు తిరిగి ఆట మొదలుపెట్టిన అదే బటూమిలో, మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో ఎదురుగా కూర్చున్నది పంతొమ్మిదేళ్ల దివ్య. టైబ్రేక్‌లో ఆమె గెలిచింది. ఇద్దరు భారతీయులే ఫైనల్ ఆడే రోజు రావడానికి దారి వేసినవాళ్లలో మీరు మొదటివారు. ఆ ఓటమిలోనూ మాకు పండగే కనబడింది.

మీ ఆట ఇంకా ముగియలేదు, ముగియాలని మేం కోరుకోవడమూ లేదు. ఈ రజతోత్సవ ఏడాది మీ దగ్గర మాదొక్క కోరిక. తీరిక చూసుకుని ఏలూరుకో తాడేపల్లిగూడేనికో ఒక్క పూట రండి. కైకలూరు, ఆకివీడు, భీమడోలు బడుల నుంచి పిల్లల్ని మేం తీసుకొస్తాం. బోర్డులు వరసగా వేసి ఉంచుతాం. మీరు ఒక్కరే ఒకేసారి అందరితో ఆడండి. వచ్చే పిల్లల్లో సగం మంది ఆడపిల్లలు ఉండేలా చూసే పూచీ మాది. శుభాకాంక్షలతో, కొల్లేటి ఊళ్లవాళ్లం.