బాధితుల పక్షాన నిలిచిన పంతులుగారు



ఎక్కడైనా అన్యాయం జరిగితే మనం మొదట అడిగే ప్రశ్న ఒకటే: తప్పు చేసినవాడికి శిక్ష పడిందా? నష్టపోయిన మనిషి ఈ రాత్రి ఎక్కడ తల దాచుకుంటుంది, రేపు ఏం తింటుంది, ఊళ్ళో తలెత్తుకుని తిరగగలదా అని అడిగేవారు తక్కువ. ఈ రోజుల్లో బాధితుల కోసం పనిచేసే సేవకులు ఈ రెండవ ప్రశ్నకు పెద్దపీట వేస్తున్నారు. నష్టపోయినవారిని తిరిగి నిలబెట్టేదే అసలైన న్యాయమని వారంటారు. ఆ మాట వాడుకలోకి రాకముందే మన గోదావరి ఒడ్డున ఆ పని చేసి చూపిన దంపతులున్నారు. వారే కందుకూరి వీరేశలింగం పంతులుగారు, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు.

వీరేశలింగంగారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. తల్లి పున్నమ్మగారి వైధవ్యాన్ని చూస్తూ ఆయన పెరిగారు. 1861లో ఆయనకు పెళ్ళయింది. అప్పటికి ఆయనకు పదమూడేళ్ళు, పెళ్ళికూతురు ఇంకా చిన్నపిల్ల. ఆ రోజుల్లో అగ్రకులాల ఇళ్ళలో అదే ఆచారం. ఒక్క జ్వరమో, కలరాయో వచ్చి ఆ బాలుడు పోయి ఉంటే రాజ్యలక్ష్మమ్మగారు కూడా బాలవితంతువే అయి ఉండేది.

బాలవితంతువు అంటే ఏమిటో నేటి పిల్లలకు చెప్పాలి. ఐదారేళ్ళ పిల్లను ఒక్కోసారి తండ్రి వయసువాడికి ఇచ్చేవారు. అతను పోతే, కాపురం ముఖం కూడా చూడని ఆ పిల్ల బతుకంతా విధవే. గాజులు పగలగొట్టి, కొంత వయసు వచ్చాక తల గొరిగించేవారు. శుభకార్యాలకు రానిచ్చేవారు కాదు, ఎదురొస్తే అపశకునం అనేవారు. ఆమె చేసిన తప్పేమీ లేదు, అయినా శిక్ష ఆమెకే. దోషి ఎవరని అడిగితే ఒక్కరిని వేలెత్తి చూపడానికి లేదు. తల్లిదండ్రులు, పురోహితులు, చుట్టాలు, ఇరుగుపొరుగు అందరూ కలిసి చేసిన అన్యాయం అది.

చట్టం లేదా అంటే ఉంది. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ గారి కృషి ఫలితంగా 1856లోనే వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. కాని చట్టం పుస్తకంలోనే ఉండిపోయింది. పాతికేళ్ళు గడిచినా గోదావరి సీమలో ఆ పిల్లల తలరాత మారలేదు.

ధవళేశ్వరంలో పనిచేస్తున్నప్పుడు, 1874లో పంతులుగారు అక్కడ బాలికల పాఠశాల పెట్టారు. అదే ఏడాది వివేకవర్ధని పత్రిక ప్రారంభించి లంచగొండితనాన్ని, దురాచారాలను ఎండగట్టారు. 1879లో వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని రాజమండ్రిలో బహిరంగంగా ఉపన్యసించారు. ఊరు భగ్గుమంది. పండితులు శాస్త్రాలు తిరగేసి ఖండించారు. వాదంతో ఆగితే ఆయన పేరు మనకు ఇంతగా గుర్తుండేది కాదు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. బసవరాజు గవర్రాజుగారి వంటి మిత్రులు, కళాశాల విద్యార్థులు అండగా నిలిచారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగింది. పోలీసు కాపలా పెట్టుకుని ఆ పెళ్ళి చేయవలసి వచ్చింది.

అసలు కష్టం ఆ తరువాత మొదలైంది. పెళ్ళికి వచ్చినవారిని, సహకరించినవారిని కులం నుండి వెలివేశారు. కొందరు మిత్రులు భయపడి ప్రాయశ్చిత్తం చేసుకుని తప్పుకున్నారు. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు ఆ ఇంటికి రావడం మానేశారు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్ళి బిందెతో నీళ్ళు మోసుకొచ్చారు, తానే వంట చేసి అందరికీ వడ్డించారు. ఇల్లు విడిచి వచ్చిన ఆడపిల్లలను తల్లిలా చూసుకున్నారు. పంతులుగారి పేరు పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. ఆమె మోసిన బిందెల లెక్క మాత్రం ఎవరూ రాయలేదు. ఆ బిందెలే లేకపోతే ఆ ఉద్యమం వారం రోజులు కూడా నిలిచేది కాదు.

పెళ్ళి చేసి పంపేస్తే బాధ్యత తీరిందని ఆ దంపతులు అనుకోలేదు. కొత్త జంటలకు ఇళ్ళు చూడాలి, ఉద్యోగాలు చూడాలి, కొన్నాళ్ళు ఖర్చులకు డబ్బు ఇవ్వాలి. సాయం పొంది తరువాత ముఖం తిప్పుకున్నవారూ ఉన్నారు. ఈ చేదు అనుభవాలను ఆయన తన స్వీయచరిత్రలో దాచకుండా రాసుకున్నారు. అయినా పని ఆపలేదు. దిక్కులేని వితంతువుల కోసం శరణాలయం నడిపి, వారికి చదువు చెప్పించారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తన ఆస్తిని దానికే ఇచ్చేశారు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూశారు. 1919 మే 27న మద్రాసులో పంతులుగారు తుదిశ్వాస విడిచారు.

వారు మన విశ్వాసానికి చెందినవారు కారు. అయినా వారి జీవితం చదివితే సువిశేషంలోని మంచి సమరీయుడు గుర్తుకు రాక మానడు. దొంగలను పట్టుకోవడం ఆ సమరీయుని చేతిలో లేదు. దెబ్బలు తిన్నవానికి కట్టు కట్టడం, సత్రానికి చేర్చడం, ఖర్చు భరించడం అతని చేతిలో ఉంది. అదే చేశాడు.

మరి మన విచారణలలో సంగతి ఏమిటి? భర్త పోయిన ఇల్లాలిని పెళ్ళిపందిట్లో వెనక్కి నిలబెట్టడం మనలో పూర్తిగా పోయిందా? కన్నకూతురి పెళ్ళిలోనే తల్లిని అక్షతలు వేయనివ్వని ఇళ్ళు లేవా? అత్తవారు పొలం కాగితాలు లాక్కుంటే ఆమె తరఫున మాట్లాడే పెద్దలెందరు? మోసపోయిన పిల్ల, తాగుబోతు భర్త చేతిలో దెబ్బలు తిన్న కోడలు పోలీసు స్టేషనుకు వెళ్ళివస్తే, ఆ మర్నాడు ఆమె ఇంటి గడప తొక్కేదెవరు? కేసు న్యాయస్థానం చూసుకుంటుంది. ఆమెను మళ్ళీ మనలో ఒకరిగా నిలబెట్టే పని ఊరివాళ్ళదే.

ఈ ఆదివారం పూజ ముగిశాక గుడి బయట ఒంటరిగా నిలబడిన ఒక అమ్మను పలకరించండి. ఆమెను మీ ఇంటికి భోజనానికి పిలవండి. మన ఇంటి శుభకార్యంలో ఆమెను ముందు వరుసలో కూర్చోబెడదాం.